పాయలు కుదిరితేనే అంజూర జడ

మూడు అంజూర మొక్కల్ని ఒకే గోతిలో దగ్గరగా నాటి, వాటి కాండాల్ని మూడు పాయల జడలా అల్లొచ్చు. నడుం ఎత్తు దాకా జడ. ఆ పైన ఒకటే గుబురు. ఒక పాయకి పచ్చ పండ్లు, ఇంకో పాయకి లేత పసుపు, మరో పాయకి గోధుమ రంగు.

ఇది మీరు చేయగలరు. ఎవరైనా చేయగలరు.

అల్లడం ఒక్క మధ్యాహ్నం పని. ఏ మూడు రకాలు అల్లాలో తేల్చుకోవడమే అసలు పని. అక్కడ తొందరపడితే ఏళ్ల తరబడి ఆ చెట్టుతో కుస్తీ పడాలి. అక్కడ నిదానిస్తే మిగతాదంతా సులువుగా సాగిపోతుంది. అందుకే ఈ వ్యాసంలో అల్లిక గురించి తక్కువ, ఎంపిక గురించి ఎక్కువ చెబుతాను. మంచి నిర్ణయం అనేది పుట్టుకతో వచ్చే తెలివి కాదు. అది ఒక అలవాటు. అంజూర చెట్టు ఆ అలవాటు నేర్పడానికి చాలా మంచి టీచర్.

సియాటిల్ చుట్టుపక్కల బెల్‌వ్యూ, రెడ్‌మండ్, సమామిష్, బాథెల్ ఊళ్లలో ఇల్లు కొనుక్కుని స్థిరపడిన తెలుగువాళ్లు చాలామంది. పెరట్లో మెంతికూర వేశారు. కరివేపాకు కుండీని చలికాలం ఇంట్లోకి, ఎండాకాలం డెక్ మీదకి మోస్తున్నారు. ఇక పండ్ల చెట్టు మీద మనసు పడింది. మీరు వాళ్లలో ఒకరైతే ఇది మీకే. చల్లటి వాతావరణం ఉన్న వేరే చోట ఉన్నా సరే, ఇదే పద్ధతిలో ఆలోచించండి. జవాబు మారుతుంది, ప్రశ్నలు మారవు.

ముందు మీ చోటు, తర్వాత మీ కోరిక

చాలామంది ఏం చేస్తారు? ఫోన్‌లో ఎర్రటి గుజ్జున్న అంజూర ఫొటో చూస్తారు. పేరు రాసుకుంటారు. ఆర్డర్ పెట్టేస్తారు. మూడేళ్ల తర్వాత అక్టోబర్ వానలో గట్టిగా, పచ్చగా వేలాడే కాయల్ని చూసి "మన చేతికి అచ్చిరాలేదు" అనుకుంటారు.

చేతికి అచ్చిరావడం అంటూ ఏమీ లేదండీ. లెక్క కుదరలేదు, అంతే.

ఆ లెక్క ఏమిటో ఒకసారి అర్థం చేసుకుంటే మీకు జీవితాంతం ఉపయోగం. అంజూర ఏడాదికి రెండు కాపులు కాయగలదు. తొలి కాపు పోయినేడు పెరిగిన కొమ్మ మీద వస్తుంది. వసంతంలో ఆకుతో పాటే పిందె కనిపిస్తుంది, ఎండాకాలం మధ్యలో పండుతుంది. దీన్ని తోటమాలులు బ్రెబా అంటారు. మలి కాపు ఈ ఏడాది పెరిగిన కొత్త కొమ్మ మీద, ఆకు మొదట్లో వస్తుంది. అది పండాలంటే సెప్టెంబర్, అక్టోబర్ దాకా మంచి వేడి కావాలి.

సియాటిల్‌లో ఆ వేడి లేదు. జులై, ఆగస్టుల్లో కూడా పగటి వేడి సగటున 26 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. రాత్రికి 14కి దిగుతుంది. అక్టోబర్ వచ్చిందంటే వాన. మలి కాపు కాయలు పెద్దవవుతాయి కానీ, పండేలోపు సీజన్ అయిపోతుంది.

కాబట్టి ఆ నేలలో అడగాల్సిన మొదటి ప్రశ్న "ఏది తియ్యన?" కాదు. "ఏది తొలి కాపు బాగా కాస్తుంది?" అనేదే.

జవాబు వెంటనే దొరుకుతుంది: డెజర్ట్ కింగ్. పేరులో ఎడారి ఉన్నా, పశ్చిమ వాషింగ్టన్ నర్సరీలవాళ్లు మొదట చెప్పే పేరు ఇదే. పచ్చటి తొక్క, లోపల స్ట్రాబెర్రీ రంగు గుజ్జు. తొలి కాపు విరగకాస్తుంది. జులై చివర మొదలై ఆగస్టంతా పండ్లు. దీని మలి కాపుకి పరాగం అందాలి, అందకపోతే రాలిపోతుంది. రాలనివ్వండి! ఆ ఊళ్లో మలి కాపు ఎలాగూ పండదు. అంటే డెజర్ట్ కింగ్ లోపం సియాటిల్‌లో లోపమే కాదు. చోటు మారితే లోపం లెక్క కూడా మారుతుంది. ఇది చెట్లకే కాదు, మీ ఉద్యోగానికీ పనికొచ్చే పాఠం. మీ బలహీనత ఏ పనిలో అడ్డం రాదో, ఆ పనే వెతుక్కోండి.

చల్లటి చోట పండేది డెజర్ట్ కింగ్ ఒక్కటే కాదు. ఇంగ్లండ్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ మెప్పు పొందిన బ్రౌన్ టర్కీ అనే రకం అక్కడి చల్లదనంలో ఎప్పటినుంచో పండుతోంది. లండన్‌లో లాంబెత్ ప్యాలెస్ దగ్గర వైట్ మార్సెయ్ రకం అంజూర ఉంది. దాన్ని 16వ శతాబ్దంలో కార్డినల్ పోల్ తెప్పించి నాటించారని చెబుతారు. చల్లటి దేశంలో అంజూర అనేది కొత్త ప్రయోగమేమీ కాదు. దారి ఎప్పుడో వేసి ఉంది. మీరు నడిస్తే చాలు.

"వద్దు" అనడం నేర్చుకోండి

ఎంపిక అంటే ఏరుకోవడం అనుకుంటాం. నా మాట వినండి, ఎంపికలో ఎక్కువ భాగం తీసేయడమే. మంచివే అయినా మీకు పనికిరానివాటిని నవ్వుతూ పక్కన పెట్టగలగాలి. ఈ డిసిప్లిన్ లేనివాళ్ల పెరట్లో పది మొక్కలుంటాయి, పళ్లెంలో పండు ఉండదు.

మొదట పక్కన పెట్టాల్సింది స్మిర్నా జాతి. కాలిమిర్నా ఇందులోదే. మనం ఇష్టంగా నానబెట్టుకుని తినే టర్కీ ఎండు అంజీర్ కూడా ఈ జాతిదే. వీటికి పరాగం అందించే చిన్న కందిరీగ లేకపోతే కాయ నిలవదు. 1880ల్లో కాలిఫోర్నియా రైతులు స్మిర్నా కొమ్మలు తెప్పించి నాటారు. చెట్లు ఏపుగా పెరిగాయి. కాయలన్నీ రాలిపోయాయి. కారణం తెలిసి, కందిరీగని తెచ్చి, 1899లో ఫ్రెజ్నో దగ్గర జార్జ్ రోడింగ్ దాన్ని నిలబెట్టాకే పంట చేతికొచ్చింది. సియాటిల్ చలిలో ఆ కందిరీగ లేదు. అందుకని ఆ రకాలు మీకు వద్దు.

ఇక్కడ శాకాహారుల ఇళ్లలో ఒక సందేహం తప్పకుండా వస్తుంది. "అంజూరలో పురుగు ఉంటుందటగా?" మేడిపండు విప్పి చూసిన జాతి మనది, అలా అడగడం సహజం. మేడి, మర్రి, రావి, జువ్వి, అంజూర అన్నీ ఒకే కుటుంబం చెట్లు, వాటి పరాగం కథ కూడా ఒకటే. కానీ చల్లటి చోట పెంచే రకాల కాపు ఏ పురుగూ లోపలికి వెళ్లకుండానే పండుతుంది. డెజర్ట్ కింగ్ తొలి కాపు కూడా అంతే. అత్తగారికి ధైర్యంగా చెప్పి పెట్టండి.

రెండోది, వేడి బాగా కోరే రకాలు. బ్లాక్ మిషన్ రుచికి రాజు. కాలిఫోర్నియా లోయలో. సియాటిల్ ఉన్న పజెట్ సౌండ్ తీరంలో దానికి వేడి చాలదు. కడోటా కూడా అంతే. ఎంత ఇష్టమున్నా వదలండి. ఎండాకాలం ఫ్రెజ్నో వైపు వెళ్లినప్పుడు కొనుక్కుని తినండి.

మూడోది, గింజ నుంచి మొలిచిన మొక్క. పండులోని గింజ మొలిస్తే తల్లి చెట్టు గుణాలు వస్తాయన్న నమ్మకం లేదు. కాయే నిలవకపోవచ్చు. పెన్సిల్ మందం కటింగ్ నుంచి వేళ్లు పట్టిన మొక్కే కావాలి. అలా అయితే అది తల్లి చెట్టు నకలే.

నాలుగోది, జబ్బు ఉన్న మొక్క. ఆకుల మీద పసుపు మచ్చలు, వంకర ఆకులు కనిపిస్తే మొజాయిక్ వైరస్ అయి ఉండొచ్చు. అది కంటికి సరిగా ఆనని నల్లి ద్వారా పాకుతుంది, అంటు ద్వారా పాకుతుంది. జడలో కాండాలు ఒరుసుకుని కలిసిపోతాయి కదా, ఒక పాయకి ఉన్నది మూడు పాయలకీ వస్తుంది. సగం ధరకి ఇస్తామన్నా తీసుకోకండి. ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దే వద్దు.

బలాలు సమానంగా ఉన్నాయా?

ఇప్పుడు అసలు ఘట్టం. జడ కోసం ఎంచేటప్పుడు రుచి, రంగు, పేరు అన్నిటికంటే ముందు చూడాల్సింది పెరిగే జోరు.

అమ్మ జడ వేసేటప్పుడు పాయలు సమంగా తీస్తుంది. ఒక పాయ లావుగా, ఒకటి సన్నగా పడితే జడ ఒక వైపుకి తిరిగిపోతుంది. చెట్టులో అంతకంటే పెద్ద చిక్కు ఉంది. జుట్టు పాయలు పోటీ పడవు, చెట్టు పాయలు పోటీ పడతాయి. జోరుగా పెరిగేది పైకి వెళ్లి ఎండంతా తాగేస్తుంది. దాని కాండం లావెక్కి పక్కదాన్ని నొక్కుతుంది. నెమ్మదిగా పెరిగేది నీడలో పడి, నాలుగేళ్లలో ఎండు పుల్ల అవుతుంది. అప్పుడు జడలో ఒక చచ్చిన పాయ మిగులుతుంది. దాన్ని లాగలేరు, ఉంచలేరు.

డెజర్ట్ కింగ్ జోరున్న చెట్టు. పెద్దదవుతుంది. దాని పక్కన వయొలెట్ ద బోర్డో వేయకండి. అది పొట్టి రకం. చిన్న నల్ల పండు, అద్భుతమైన రుచి, కానీ కుండీకి సరిపోయే ఎత్తే. ఈ రెండూ ఒకే జడలో ఉండకూడదు. చాలామంది "పచ్చ పండు, నల్ల పండు పక్కపక్కన ఎంత అందం!" అని ఈ జంటనే ఎంచుకుంటారు. అందం ఫొటో వరకే.

మరి దాని పక్కన ఏవి నాటాలి? నన్నడిగితే పజెట్ సౌండ్ దగ్గర నేలలో వేసే జడకి ఈ మూడు: డెజర్ట్ కింగ్, లట్టరూలా, బ్రౌన్ టర్కీ.

లట్టరూలాని ఇటాలియన్ హనీ అని కూడా అమ్ముతారు. లేత పసుపు కలిసిన పచ్చ తొక్క, తేనె రంగు గుజ్జు. చల్లటి చోట తొలి కాపు ఇస్తుంది. బ్రౌన్ టర్కీ ఓర్పున్న చెట్టు, గోధుమ రంగు పండు. మూడిట్లో డెజర్ట్ కింగే కాస్త దూకుడు. దానికి మందు సులువు. మూడింటిలో చిన్న మొక్క డెజర్ట్ కింగ్ అయ్యేలా కొనండి. మొదటి రెండేళ్లు దాని పై కొమ్మల్ని వేసవిలో గిల్లుతూ ఉండండి. మిగతా రెండూ అందుకుంటాయి.

బ్రౌన్ టర్కీ విషయంలో ఒక హెచ్చరిక. ఆ పేరు మీద వేర్వేరు చెట్లు అమ్ముతారు. ఇంగ్లండ్‌లో ఆ పేరుతో పెంచేదీ, కాలిఫోర్నియా మార్కెట్‌కి పండించేదీ ఒకటి కాదు. కాబట్టి లేబుల్ చదివి సంతృప్తి పడకండి. నర్సరీవాళ్లని ఒక మాట అడగండి: "దీని తల్లి చెట్టు ఎక్కడుంది? అక్కడ ఏ నెలలో పండింది?" ఆ ప్రశ్నకి నిలబడి జవాబు చెప్పేవాళ్ల దగ్గరే కొనండి. మనుషుల విషయంలోనూ అంతే కదా. హోదా చెప్పే కార్డు కంటే, ఎక్కడ పనిచేసి ఏం చేసి చూపించారన్నదే నమ్మదగ్గ మాట.

ఇంకో దారి కూడా ఉంది. మూడు పాయలూ ఒకే రకం. మూడూ డెజర్ట్ కింగే. జోరు సమానం. కత్తిరింపు ఒకేసారి. మొదట్లోంచి పిలకలు వస్తే ఏది ఎవరిదన్న గొడవ లేదు. మొదటిసారి చెట్టు పెంచుతున్నవాళ్లు ఇదే చేయాలని నేను గట్టిగా చెబుతాను. కొంతమందికి ఇది నచ్చదు. "ఇన్ని రకాలుండగా ఒక్కటేనా?" అంటారు. ఒక్కదాంతో గెలవండి. గెలుపు అలవాటయ్యాక మూడు రకాల జడకి వెళ్లండి. నేర్చుకునేవాళ్లకి వెరైటీ కంటే ఫోకస్ ఎక్కువ మేలు చేస్తుంది.

చలికి ఎంత తట్టుకుంటుంది?

జడకీ తొలి కాపుకీ ఆధారం ఒకటే: పాత కొమ్మ బతికుండటం. చలికి కాండం చస్తే జడ పోతుంది, పోయినేటి కొమ్మ చస్తే తొలి కాపు పోతుంది. అందువల్ల కాండం ఏటా చచ్చే చోట నేలలో జడ వేయడం వృథా.

బాగా ముదిరి, ఆకు రాల్చి నిద్రలో ఉన్న అంజూర కాండం సుమారు మైనస్ 9 నుంచి మైనస్ 12 డిగ్రీల వరకు తట్టుకుంటుంది. లేత మొక్క అంత కూడా తట్టుకోదు. వేళ్లు ఇంకా గట్టివి, కాండం చచ్చినా కింద నుంచి మళ్లీ మొలుస్తాయి. సియాటిల్ చలికాలం చాలా ఏళ్లు ఈ గీత దాటదు. అందుకే అక్కడ నేలలో జడ సాధ్యం. మొదటి రెండు మూడు చలికాలాలు మాత్రం జడకి గోనెపట్టా చుట్టండి.

మరి న్యూజెర్సీ, షికాగోలలో ఉన్న మన వాళ్ల సంగతి? అక్కడ లెక్క తిరగబడుతుంది. చలికాలం కఠినం, కానీ ఎండాకాలం వేడి పుష్కలం. మలి కాపు పండుతుంది. న్యూయార్క్, న్యూజెర్సీలలో స్థిరపడిన ఇటలీ కుటుంబాలు తరతరాలుగా అంజూర చెట్లకి దుప్పట్లు, గోనెలు చుట్టి, కొందరు ఏకంగా చెట్టుని వంచి మట్టిలో కప్పి కాపాడుకున్నారు. అంత ప్రేమ! కానీ జడ కట్టిన చెట్టుని వంచి పడుకోబెట్టలేరు. కాబట్టి ఆ ఊళ్లలో జడ కుండీలోనే. చలికాలం గరాజ్‌లోకి. రకాలు కూడా వేరు: షికాగో హార్డీ, సెలెస్ట్, రోండ్ ద బోర్డో. ఇవి కొత్త కొమ్మ మీద తొందరగా పండే రకాలు. కుండీలో వేళ్లకి చోటు తక్కువ కాబట్టి జోరు కూడా అదుపులో ఉంటుంది.

చూశారా? ఒకే కోరిక, రెండు ఊళ్లు, రెండు వేర్వేరు జాబితాలు. ఫ్రెండ్ వేసిన రకమే మీరూ వేయాలన్న రూల్ లేదు. ఆయన న్యూజెర్సీ ఎడిసన్‌లో, మీరు సియాటిల్‌లో ఉంటే అసలు వేయకూడదు.

కత్తిరింపు క్యాలెండర్ కలవాలి

దీన్ని పెద్దగా ఎవరూ చెప్పరు. తొలి కాపు రకం, మలి కాపు రకం ఒకే జడలో కలపకండి. మలి కాపు చెట్టుని చలికాలం చివర గట్టిగా కత్తిరిస్తే కొత్త కొమ్మలు వచ్చి బాగా కాస్తుంది. తొలి కాపు చెట్టుని అలా కత్తిరిస్తే ఆ ఏడు పండే ఉండదు. ఎందుకంటే ఆ పండు కొమ్మ చివరే దాక్కుని ఉంది, మీరు కోసి పారేశారు. గుబురులో ఏ కొమ్మ ఎవరిదో తెలియదు, కత్తెర చేతిలో ఉంది. ప్రమాదం ఖాయం.

మూడూ తొలి కాపువే అయితే పని తేలిక. ఆగస్టులో పండ్లు కోశాక, పాత కొమ్మల్లో మూడో వంతు మాత్రం తీయండి. మిగతావి ఉంచండి. వచ్చే ఏడు ఇంకో మూడో వంతు. ఇలా గుబురు ఎప్పుడూ కొత్తగా ఉంటుంది, పంట ఎప్పుడూ ఆగదు.

అల్లే రోజు

ఇక చేతులకి పని చెబుదాం. రోజు మీరే ఎంచుకోండి, కానీ మంచు భయం పోయాక, కాండంలో పాలు ఆడుతున్నప్పుడు. అప్పుడు కాడ బాగా వంగుతుంది. అంతకంటే ముందు అయితే చలికి బిగుసుకుని టక్కున విరుగుతుంది.

1. చేతికి గ్లవ్స్, పొడుగు చేతుల చొక్కా. అంజూర పాలు చర్మానికి తగిలి, ఆపైన ఎండ పడితే బొబ్బలు వస్తాయి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

2. చోటు: దక్షిణం లేదా పడమర గోడ పక్కన, రోజంతా ఎండ. గోడ పగలు వేడి దాచుకుని రాత్రి ఇస్తుంది. చల్లటి ఊళ్లో ఇది ఉచితంగా దొరికే హీటర్.

3. వేళ్లకి హద్దు పెట్టండి. ఇంగ్లండ్‌లో తోటమాలులు 60 సెంటీమీటర్ల గొయ్యి తీసి, పక్కలకి రాతి పలకలు నిలబెట్టి, అడుగున రాళ్లు పోసి నాటుతారు. వేళ్లు ఇరుకైతే ఆకు తగ్గి కాయ పెరుగుతుంది. జడకి ఇంకో లాభం, మూడు పాయల జోరూ ఒక తీరుకి వస్తుంది.

4. వేలి మందం, దాదాపు ఒకే పొడుగు ఉన్న కొమ్మలేని కాడలు మూడు (మూడు రకాలైతే డెజర్ట్ కింగ్ కాస్త చిన్నది). త్రికోణంలో, జానెడు లోపు దూరంలో నాటండి. మధ్యలో గట్టి కర్ర.

5. వదులుగా అల్లండి. మెలికల మధ్య వేలు దూరేంత సందు ఉండాలి. కాండాలు లావెక్కుతాయి, ఆ చోటు అవే నింపుకుంటాయి. ఇప్పుడే బిగిస్తే రేపు ఒకదాన్నొకటి కోసుకుంటాయి.

6. మెత్తటి గుడ్డ పేలికతో కట్టండి. తీగ వద్దు, ప్లాస్టిక్ టై వద్దు. నెలకోసారి విప్పి, కాస్త పక్కకి జరిపి మళ్లీ కట్టండి.

7. జడ మీద మొలిచే మొగ్గల్ని బొటనవేలితో తుడిచేయండి. పైన గుబురు మాత్రమే ఉండాలి.

8. ప్రతి పాయ మొదట్లో రేకు లేబుల్ కట్టండి. పిలక వస్తే ఏ పాయదో చూసి, మట్టి తవ్వి మొదలంటా తీసేయండి.

మొదటి ఏడాది పిందెలు వస్తే తీసేయండి. ఆ బలం కాండానికి కావాలి.

కలిసిపోతాయా?

కలిసిపోతాయి. ఒకే జాతి చెట్ల కాండాలు ఏళ్ల తరబడి ఒకదానికొకటి ఆని పెరిగితే, ఒరుసుకున్న చోట బెరడు పోయి లోపలి పొరలు అతుక్కుంటాయి. అంజూరలో ఇది బాగా జరుగుతుంది. తొందరగా కావాలంటే కలిసే చోట రెండు వైపులా బెరడు కొద్దిగా గీకి, గట్టిగా కట్టండి. అది ఒక రకంగా అంటు కట్టడమే.

మన ఊళ్లలో రావినీ వేపనీ కలిపి నాటి పెళ్లి చేస్తారు. చూడ్డానికి అల్లుకుపోయినట్టే ఉంటాయి. కానీ రావి, వేప వేర్వేరు కుటుంబాలు, వాటి కాండాలు లోపల అతుక్కోవు. అదే మర్రిని చూడండి. అనంతపురం సీమలో కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను ఎకరాల మేర పాకింది. మర్రి ఊడలు నేలకి దిగి, ఒకదానితో ఒకటి కలిసి కొత్త మానులవుతాయి. మేఘాలయలో ఖాసీ, జయంతియా జనం రబ్బరు మర్రి వేళ్లని వాగు మీదుగా నడిపించి, అల్లి, బతికున్న వంతెనలు కడతారు. ఒక్కో వంతెన మనుషులు నడిచే బలానికి రావడానికి ఎన్నో ఏళ్లు పడుతుంది. మొదలుపెట్టినవాళ్ల పిల్లలు నడుస్తారు. 2022లో ఆ వేరు వంతెనలు యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి.

కాలిఫోర్నియాలో ఆక్సెల్ ఎర్లాండ్సన్ అనే రైతు ఉండేవారు. 1920ల నుంచి చెట్లని వంచి, అల్లి, అంటుకట్టి బొమ్మల్లా పెంచారు. 1947లో స్కాట్స్ వ్యాలీ దగ్గర వాటిని ట్రీ సర్కస్ పేరుతో జనానికి చూపించారు. ఆరు సైకమోర్ చెట్లని గుండ్రంగా నాటి, బుట్ట అల్లికలా కలిపిన ఆయన చెట్టు ఇప్పుడు గిల్‌రాయ్ గార్డెన్స్‌లో ఉంది. ఆయన ఆ ఆరూ ఒకే జాతివి ఎంచుకున్నారన్నది గమనించండి. ఎవరో నేర్పితే వచ్చిన విద్య కాదది. చూసి, పరీక్షించి, ఓపిక పట్టి సంపాదించుకున్నది. ఓపిక మీకూ ఉంది. ఇన్నాళ్లు దాన్ని వాడే పని దొరకలేదు, అంతే.

వారానికి పది నిమిషాలు

పెద్ద పెద్ద ప్లాన్లు చెట్టుని కాపాడవు. ఆదివారం కాఫీ తాగుతూ చెట్టు చుట్టూ ఒక రౌండ్ కొట్టండి. కట్టు బిగిసిందా? పిలక వచ్చిందా? ఒక పాయ మిగతావాటి మీద పెత్తనం చేస్తోందా? అవసరమైతే గిల్లండి. జూన్‌లో కొత్త కొమ్మకి ఐదారు ఆకులు రాగానే చివర తుంచండి. పది నిమిషాలు చాలు. ఈ పది నిమిషాలు తప్పకుండా ఇచ్చేవాళ్లకే చెట్టు దారికొస్తుంది. ఏడాదికోసారి ఒక రోజంతా కష్టపడేవాళ్లకి రాదు.

శరదృతువులో ఒక కఠినమైన పని ఉంది. అక్టోబర్ చివరికి కొమ్మల మీద రెండు రకాల కాయలు కనిపిస్తాయి. బఠాణీ గింజ అంత చిన్నవి కొమ్మ చివర ఉంటాయి. అవి ఉంచండి, చలి దాటి వచ్చే ఎండాకాలానికి పండేవి అవే. వాటికంటే పెద్దగా, పచ్చగా ఉన్నవి మాత్రం తీసేయండి. "అయ్యో, ఇంత దాకా పెరిగాయి కదా" అని ప్రాణం ఒప్పదు. అవి పండవు. చలికి చచ్చి, కుళ్లి, కొమ్మని కూడా పాడు చేస్తాయి. పెరిగినంత మాత్రాన పనికొచ్చేది కాదని తెలిసి వదలగలిగినవాళ్లకి ఏ నిర్ణయమూ బరువుగా అనిపించదు. మీ క్యాలెండర్‌లో, మీ అల్మరాలో కూడా అలాంటి పచ్చి కాయలు కొన్ని ఉన్నాయి. అదే వారాంతంలో వాటి పని కూడా పట్టండి.

పండు కోసేటప్పుడు కూడా ఆత్రం వద్దు. అంజూర కోశాక పండదు. అరటిలా, మామిడిలా గంపలో ముగ్గదు. మెడ వాలాలి, పండు మెత్తబడాలి, తొక్క మీద సన్నని చీలికలు రావాలి. అప్పుడే కోయండి.

ఇప్పుడు మీ వంతు. ఒక కాగితం తీసుకోండి. మీ ఊళ్లో గత కొన్నేళ్లలో చలికాలం అతి తక్కువ ఉష్ణోగ్రత ఎంతో రాయండి. మీ పెరట్లో ఏ గోడకి రోజంతా ఎండ పడుతుందో రాయండి. మీకు కావాల్సింది తొలి కాపా, మలి కాపా రాయండి. ఈ మూడు జవాబులూ రాశాకే రకాల పేర్లు రాయాలి, ముందు కాదు. మంచి నర్సరీల్లో అంజూర మొక్కలు చలికాలం చివర్లోనే అయిపోతాయి. ఫిబ్రవరి దాటనివ్వకండి. ఈ వారమే ఫోన్ చేసి, తల్లి చెట్టు ఎక్కడుందో అడగండి.